జీవకణానికి శక్తి ఎక్కడిది?

పిల్లలూ! జనవరి నెలలో ఉదయంపూట బడి బస్సు కోసం వీధి మొగలో నిలబడినప్పుడు మీ ఒళ్లు వణుకుతుంది కదా! పళ్లు టకటక కొట్టుకొంటాయి. ఆపుదామనుకొన్నా ఆ వణుకు ఆగదు. అది ఎందుకు వస్తుందో ఎప్పుడైనా ఆలోచించారా?

కిచెనర్‌లో బయట చలి సున్నకు ఇరవై డిగ్రీలు దిగువన ఉన్నా, మీ ఒంటి లోపలి వేడి 37 డిగ్రీల దగ్గరే ఉండాలి. అది బాగా తగ్గితే ప్రాణానికే ముప్పు. అందువల్ల మెదడు కండరాలకు ఆజ్ఞ ఇస్తుంది. కండరాలు గబగబా బిగిసి, సడలి, మళ్లీ బిగుస్తాయి. ఆ పనిలో వేడి పుడుతుంది. మీరు పైన కోటు తొడుక్కొంటే, శరీరం లోపల పొయ్యి రాజేసుకొంటుందన్నమాట.

పొయ్యి అన్నాక కట్టెలు కావాలి. మన ఒంట్లో ఆ కట్టెలు ఏవి? పొయ్యి ఎక్కడ ఉన్నది? దానిని మొట్టమొదట ఎవరు వెలిగించారు? ఈ పాఠంలో తెలుసుకొందాం.

కణం అంటే ఏమిటి?

ఇల్లు ఇటుకలతో కట్టినట్లు ప్రాణుల శరీరాలు కణాలతో కట్టబడినవి. 1665లో ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు రాబర్ట్ హుక్ బెండు ముక్కను పలుచగా కోసి సూక్ష్మదర్శినిలో చూచాడు. తేనెపట్టులో ఉన్నట్లు చిన్న చిన్న గదులు కనిపించాయి. వాటికి ఆయన పెట్టిన పేరే నేటికీ వాడుకలో ఉన్నది. మనం తెలుగులో కణం అంటున్నాం.

సూక్ష్మజీవికి ఒళ్లంతా కలిపి ఒకటే కణం. మనిషి శరీరంలో సుమారు 30 లక్షల కోట్ల కణాలుంటాయని అంచనా. అయితే ఇటుకకూ కణానికీ ఒక పెద్ద తేడా ఉన్నది. ఇటుకను గోడలో పెడితే వందేళ్లయినా కదలకుండా ఉంటుంది. దానికి తిండి అక్కరలేదు. కణం అలా కాదు. అది నిరంతరం పని చేస్తుంది. పాడైన భాగాలను బాగు చేసుకొంటుంది, అక్కరలేని వాటిని బయటికి నెడుతుంది, రెండుగా చీలి కొత్త కణాన్ని పుట్టిస్తుంది. పని ఉన్నచోట శక్తి కావాలి. శక్తి అందడం ఆగిపోతే కణం చచ్చిపోతుంది. మెదడులోని కణాలయితే కొద్ది నిమిషాలు కూడా ఓర్చుకోలేవు.

పెద్ద నోటు, చిల్లర నాణెం

మీరు అన్నం తింటారు, రొట్టె తింటారు. వాటిలోని పిండిపదార్థం పేగులలో అరిగి గ్లూకోజు అనే చక్కెరగా మారి రక్తంలో కలుస్తుంది. గ్లూకోజులో శక్తి ఉన్నది. కాని కణం దానిని ఉన్నదున్నట్లుగా ఖర్చు పెట్టలేదు. ఎందుకని?

ఒక ఉదాహరణ చెబుతాను. మీ చేతిలో యాభై డాలర్ల నోటు ఉన్నది. బట్టలు ఉతికే యంత్రమేమో నాణేలు మాత్రమే తీసుకొంటుంది. అప్పుడేం చేస్తారు? నోటును చిల్లరగా మార్చుకొంటారు. కణం చేసే పనీ అదే. గ్లూకోజు పెద్ద నోటు. దానిని మార్చగా వచ్చే చిల్లర నాణెం పేరు అడినోసిన్ ట్రైఫాస్ఫేట్. పొట్టిగా ఎ.టి.పి. అంటారు. ఇందులో మూడు భాస్వరపు గుంపులు ఒకదాని వెనుక ఒకటి తోకలాగా ఉంటాయి. చివరి గుంపు ఊడినప్పుడు కణానికి పనికివచ్చే శక్తి విడుదల అవుతుంది. కండరం బిగియడానికీ, నరాలలో వార్త నడవడానికీ, కొత్త మాంసకృత్తులు తయారు కావడానికీ ఈ నాణెమే చెల్లుతుంది. ఊడిన గుంపును తిరిగి అతికిస్తే మళ్లీ ఎ.టి.పి. అవుతుంది.

ఏ క్షణంలో చూచినా మన ఒంట్లో ఉండే ఎ.టి.పి. పావుకిలోకు మించదు. కాని అదే నాణెం రోజంతా చేతులు మారుతూ ఉంటుంది. ఒక రోజులో తయారై ఖర్చయిన ఎ.టి.పి. అంతా కూడితే దాదాపు మనిషి బరువంత అవుతుంది!

భీమవరం నుంచి బోస్టన్ దాకా

ఈ ఎ.టి.పి.ని కనుగొన్న వారిలో ఒక తెలుగువాడు ఉన్నాడని మీకు తెలుసా? ఆయనే యల్లాప్రగడ సుబ్బారావుగారు. 1895 జనవరి 12న పశ్చిమ గోదావరి జిల్లా భీమవరంలో పుట్టారు. ఆయన సోదరులు ఇద్దరు స్ప్రూ అనే గ్రహణి జబ్బుతో చనిపోయారు. ఈ జబ్బులో మనిషి తిన్నా తిండి ఒంటికి పట్టదు. విస్తరి ముందు కూర్చొని తింటూనే, కణాలకు శక్తి అందక శరీరం కృశించిపోతుంది. సుబ్బారావుగారికి కూడా ఆ జబ్బు సోకింది. ఆయన మాత్రం బ్రతికి బయటపడ్డారు. ఇంట్లో జరిగిన ఈ దుఃఖాన్ని ఆయన మరచిపోలేదు.

మద్రాసులో వైద్యం చదివి అమెరికాలోని బోస్టన్ నగరానికి వెళ్లారు. ఆసుపత్రిలో చిన్న కొలువు చేసుకొంటూ చదువు సాగించారు. తరువాత హార్వర్డు వైద్య కళాశాలలో సైరస్ ఫిస్కే అనే ఆచార్యునితో కలిసి పనిచేశారు. రక్తంలోనూ కండరంలోనూ భాస్వరం ఎంత ఉన్నదో కొలిచే పద్ధతిని 1925లో వారిద్దరూ ప్రకటించారు. అందులో నీలిరంగు పుడుతుంది. రంగు ఎంత ముదురయితే భాస్వరం అంత ఎక్కువన్నమాట.

కండరం నుంచి తీసిన ద్రవాన్ని ఇలా పరీక్షించినప్పుడు నీలిరంగు రావలసినంత త్వరగా రాలేదు. నెమ్మదిగా, కొంచెం కొంచెంగా వచ్చింది. రసాయనం చెడిపోయిందిలే అని వారు పారబోయలేదు. ఎందుకిలా జరుగుతున్నదని వెతికారు. భాస్వరాన్ని పట్టుకొని నెమ్మదిగా వదిలే కొత్త పదార్థం ఒకటి కండరంలో ఉన్నదని తేలింది. అదే ఫాస్ఫోక్రియాటిన్. దానిని 1927లో ప్రకటించారు. 1929లో ఎ.టి.పి.ని కూడా వేరు చేశారు. అదే సంవత్సరం జర్మనీలో కార్ల్ లోమన్ అనే శాస్త్రజ్ఞుడు కూడా వేరుగా దీనిని కనుగొన్నాడు. కాబట్టి ఈ కీర్తి ఇద్దరికీ, ఇరుపక్షాలకూ చెందుతుంది.

తరువాత సుబ్బారావుగారు లెడర్లీ అనే మందుల సంస్థ పరిశోధనశాలలో చేరారు. ఆయన నడిపించిన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారు చేసింది. అది స్ప్రూ రోగులకు మందయింది. తన సోదరులను తీసుకొనిపోయిన జబ్బుకు మందు తయారు చేయడంలో పాలు పంచుకొని, ఆయన 1948లో అమెరికాలోనే కన్నుమూశారు. 1995లో, ఆయన శతజయంతి సంవత్సరంలో, భారత ప్రభుత్వం ఆయన బొమ్మతో తపాలా బిళ్ల వేసింది.

ఎండను దాచుకొన్న చెట్టు

గ్లూకోజు పెద్ద నోటు అన్నాం. మరి ఆ నోటును అచ్చు వేసేది ఎవరు? చెట్లు. ఆకులలో పత్రహరితం అనే ఆకుపచ్చని పదార్థం ఉన్నది. అది ఎండలోని శక్తిని పట్టుకొంటుంది. వేళ్లు తెచ్చిన నీటినీ, గాలిలోని బొగ్గుపులుసు వాయువునూ కలిపి ఆకు చక్కెరను తయారు చేస్తుంది. మిగిలిన ప్రాణవాయువును, అంటే ఆక్సిజన్‌ను, గాలిలోకి వదులుతుంది. దీనికే కిరణజన్య సంయోగక్రియ అని పేరు.

మన ఊరికి దగ్గరలోని ఎల్మైరాలో వసంతం రాగానే మేపుల్ పాకం పండుగ జరుగుతుంది. మీలో కొందరు చూచే ఉంటారు. అప్పటికి చెట్టుకు ఒక్క ఆకైనా ఉండదు. నేల మీద మంచు ఇంకా కరగదు. అయినా మాను నుంచి తీయని నీరు కారుతుంది. ఆ తీపి ఎక్కడిది? కిందటి వేసవిలో ఆకులు ఎండతో వండిన చక్కెరే అది. చెట్టు దానిని పిండిగా మార్చి మానులో దాచుకొన్నది. చిగురు తొడగడానికి శక్తి కావాలి కాబట్టి మళ్లీ చక్కెరగా మార్చి పైకి పంపుతున్నది. సుమారు 40 లీటర్ల నీరు కాచితే ఒక లీటరు పాకం వస్తుంది. దోసె మీద ఆ పాకం పోసుకొన్నప్పుడు మీరు తినేది కిందటేటి ఎండనే!

ప్రాణవాయువు లేకుండా, ప్రాణవాయువుతో

గ్లూకోజును చిల్లరగా మార్చడానికి రెండు మార్గాలున్నాయి.

మొదటిది పాత మార్గం. దీనికి ప్రాణవాయువు అక్కరలేదు. మీ ఇంట్లో ఇడ్లీ పిండి పులియడం చూచారు కదా! మినపపప్పుతో పాటు వచ్చిన సూక్ష్మజీవులు పిండిలోని చక్కెరలను విడగొట్టి తమకు కావలసిన శక్తిని తీసుకొంటాయి. మిగిలిన పులుపును, బొగ్గుపులుసు వాయువును బయటికి వదులుతాయి. పిండి పొంగేది ఆ వాయువు వల్లనే. చలికాలంలో కిచెనర్‌లో పిండి పొంగకపోతే అమ్మ గిన్నెను అవెన్‌లో పెట్టి, లోపలి దీపం మాత్రం వేసి ఉంచుతుంది. ఆ కొద్దిపాటి వెచ్చదనానికి సూక్ష్మజీవుల పని చురుకవుతుంది. అయితే ఈ మార్గంలో లాభం తక్కువ. ఒక గ్లూకోజుకు రెండు ఎ.టి.పి.లు మాత్రమే మిగులుతాయి.

రెండవది ప్రాణవాయువుతో జరిగే మార్గం. మన కణాలలో మైటోకాండ్రియా అనే చిన్న చిన్న తిత్తులున్నాయి. మనం వెతుకుతున్న పొయ్యి ఇదే. ఇక్కడ ఒక గ్లూకోజుకు సుమారు 30 ఎ.టి.పి.లు వస్తాయి. పదిహేను రెట్లు లాభం! పరుగెత్తినప్పుడు మీకు ఆయాసం వచ్చేది, ఈ పొయ్యికి ఇంకా ప్రాణవాయువు కావాలని శరీరం అడగడం వల్లనే.

మైటోకాండ్రియా పనిచేసే తీరు నాగార్జునసాగర్ ఆనకట్టను పోలి ఉంటుంది. ఆనకట్టకు ఒకవైపు నీరు నిలువ చేస్తారు. ఆ నీరు దారి చేసుకొని కిందికి దూకేటప్పుడు చక్రాలు తిరిగి విద్యుత్తు పుడుతుంది. మైటోకాండ్రియాలో పలుచని పొరే ఆనకట్ట. తిండి నుంచి వచ్చిన శక్తితో కణం హైడ్రోజన్ కణికలను పొరకు ఒక పక్కకు తోడి పోస్తుంది. అవి తిరిగి వచ్చేటప్పుడు పొరలో అమర్చి ఉన్న అతి చిన్న చక్రాన్ని తిప్పుతాయి. ఆ చక్రం తిరిగితే ఎ.టి.పి. తయారవుతుంది. ఈ ఆనకట్ట సంగతిని 1961లో పీటర్ మిచెల్ చెప్పినప్పుడు చాలామంది నమ్మలేదు. 1978లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. చక్రం ఎలా తిరుగుతుందో వివరించిన పాల్ బోయర్, జాన్ వాకర్‌లకు 1997లో వచ్చింది.

మొట్టమొదటి కణం

కణం నుంచే కణం పుడుతుంది. 1855లో రుడాల్ఫ్ విర్చో ఈ మాటను గట్టిగా చెప్పాడు. మరిగించి, ధూళి చేరకుండా ఉంచిన రసంలో సూక్ష్మజీవులు వాటంతట అవి పుట్టవని లూయీ పాశ్చర్ 1860 ప్రాంతంలో నిరూపించాడు. అయితే మొట్టమొదటి కణం ఎక్కడి నుంచి వచ్చింది? ఇది విత్తు ముందా, చెట్టు ముందా అన్న ప్రశ్నలాంటిదే.

భూమి వయస్సు సుమారు 454 కోట్ల సంవత్సరాలు. ఆ తొలి రోజులలో గాలిలో ప్రాణవాయువు లేదు. అప్పటి సముద్రాలలో రసాయనాలు తమలో తాము కలిసి, మెల్లగా జీవపదార్థం ఏర్పడి ఉంటుందని 1924లో రష్యాలో ఒపారిన్, 1929లో ఇంగ్లండులో హాల్డేన్ ఊహించారు. ఈ హాల్డేన్ 1957లో భారతదేశానికి వచ్చి స్థిరపడి, 1964లో భువనేశ్వర్‌లో కన్నుమూశారు. 1953లో షికాగోలో స్టాన్లీ మిల్లర్ అనే విద్యార్థి నీటి ఆవిరి, మీథేన్, అమ్మోనియా, హైడ్రోజన్ వాయువులను గాజు పాత్రలలో ఉంచి, మెరుపులకు బదులుగా విద్యుత్ నిప్పురవ్వలు పుట్టించాడు. కొద్ది రోజులలోనే మాంసకృత్తులకు మూలమైన అమైనో ఆమ్లాలు ఏర్పడ్డాయి.

ఇటుకలు దొరికినంత మాత్రాన ఇల్లు లేవదు కదా! శక్తి సంగతి మిగిలే ఉన్నది. 2000 సంవత్సరంలో అట్లాంటిక్ మహాసముద్రం అడుగున తెల్లని రాతి గోపురాలు కనిపించాయి. వాటి నుంచి వేడి క్షారజలం ఊరుతున్నది. వాటి రాళ్లలో సన్నని రంధ్రాలు ఎన్నో ఉన్నాయి. ప్రాచీన సముద్రపు నీటిలో ఆమ్లగుణం ఉండేది. లోపల క్షారం, బయట ఆమ్లం, నడుమ పలుచని రాతి గోడ. అంటే ఎవరూ తోడకుండానే హైడ్రోజన్ కణికలు గోడకు ఒక పక్క ఎక్కువగా, మరొక పక్క తక్కువగా ఉంటాయి. కణంలోని ఆనకట్టకు ప్రకృతి సిద్ధం చేసిన నమూనా ఇదేనని మైఖేల్ రస్సెల్ మొదలైన శాస్త్రజ్ఞులు భావించారు. ఇది ఇంకా రుజువు కాలేదు. వేడినీటి గుంటలలో జీవం పుట్టిందని వాదించేవారూ ఉన్నారు. ఈ చిక్కు విప్పవలసినవారిలో రేపు మీరూ ఉండవచ్చు.

రాళ్లు చెప్పే సాక్ష్యం

ఆ పాతకాలపు జీవుల గుర్తులను చూడాలంటే మన ఒంటారియోకు రావలసిందే! సుపీరియర్ సరస్సు ఉత్తరపు ఒడ్డున గన్‌ఫ్లింట్ అనే నల్లని చెకుముకి వంటి రాళ్లున్నాయి. 1953లో స్టాన్లీ టైలర్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు వాటిని పలుచగా కోసి సూక్ష్మదర్శినిలో చూచాడు. దారాల వంటివి, గుండ్రనివి, సూక్ష్మజీవుల ఆకారాలు కనిపించాయి. అవి సుమారు 188 కోట్ల ఏళ్లనాటివి. మరుసటి సంవత్సరం ఆయన, ఎల్సో బార్ఘూర్న్ కలిసి ఈ సంగతి లోకానికి తెలిపారు.

మన కడప జిల్లాలో వేంపల్లె పేరుతో పిలిచే సున్నపురాతి పొరలున్నాయి. వాటిలో ఉల్లిపాయ పొరల వంటి చారలు కనిపిస్తాయి. సూక్ష్మజీవులు చాపలాగా పరచుకొని, పొర మీద పొర పేర్చగా ఏర్పడిన రాళ్లవి. వాటి వయస్సు కూడా సుమారు 190 కోట్ల ఏళ్లే. తాతగారి ఊరి వైపు రాళ్లు, మీరు పెరుగుతున్న దేశపు రాళ్లు దాదాపు ఒకే కాలపు కథ చెబుతున్నాయి!

ఇంకా పాత కథ హ్యూరన్ సరస్సుకు ఉత్తరాన, ఎలియట్ లేక్ దగ్గర ఉన్నది. అక్కడి అడుగు పొరలలో ఇనుము, గంధకం కలిసిన మెరిసే ఖనిజపు గులకలున్నాయి. ప్రాణవాయువు ఉన్న గాలిలో అవి తుప్పుపట్టి నశించేవి. నశించలేదంటే నాడు గాలిలో ప్రాణవాయువు లేదన్నమాట. పై పొరలు తుప్పురంగులో ఎర్రగా ఉన్నాయి. అంటే ఈ రెండు పొరల నడుమ కాలంలో గాలి మారిపోయింది. సుమారు 240 కోట్ల ఏళ్ల కిందట, ఎండతో చక్కెర వండుకొన్న సూక్ష్మజీవులు వదిలిన ప్రాణవాయువే ఆ మార్పుకు కారణం.

ఆ తరువాత ఒక వింత జరిగింది. ప్రాణవాయువును వాడుకొనడం నేర్చిన ఒక చిన్న సూక్ష్మజీవి మరొక కణం లోపలికి చేరింది. అది అరిగిపోలేదు. అక్కడే కాపురం పెట్టింది. ఒకటి తిండి పెట్టింది, మరొకటి శక్తినిచ్చింది. అదే మైటోకాండ్రియా అయింది. 1967లో లిన్ మార్గులిస్ ఈ సంగతిని వాదించి, తరువాత చాలామందిని ఒప్పించింది. మైటోకాండ్రియాలో నేటికీ దాని సొంత డి.ఎన్.ఎ. ఉన్నది. మనకు ఈ తిత్తులు తల్లి నుంచే సంక్రమిస్తాయి. అమ్మకు వాళ్ల అమ్మ నుంచి, ఆమెకు వాళ్ల అమ్మ నుంచి వచ్చాయి. మీ వేలికొనలోని ఆ పొయ్యి మీ అమ్మమ్మ ఇంటి నుంచి ఆరకుండా తెచ్చుకొన్న నిప్పే!

ఒక జాగ్రత్త

ఈ పాఠం మీ ప్రాణాన్ని కాపాడగలదు కూడా. చలికాలంలో ఇల్లు వెచ్చగా ఉంచే పొయ్యి చెడిపోతే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. అది రక్తంలో ప్రాణవాయువు కూర్చోవలసిన చోటును ఆక్రమిస్తుంది. మైటోకాండ్రియాకు ప్రాణవాయువు అందదు. తల నొప్పి, వికారం, మగత కలుగుతాయి. నిద్రలోనే ప్రాణం పోవచ్చు. అందుకే ఇంధనం మండే పరికరాలున్న ఇళ్లలో దీనిని పసికట్టే అలారం ఉండి తీరాలని 2014 నుంచి ఒంటారియో చట్టం చెబుతున్నది. ఈ రోజే మీ ఇంట్లో అది పడక గదుల దగ్గర ఉన్నదో లేదో పెద్దలను అడిగి చూడండి. అది మోగితే అందరూ వెంటనే బయటికి వచ్చి, 911కు ఫోను చేయాలి.

చేసి చూడండి

పెద్దల సాయంతో రెండు చిన్న సీసాలలో గోరువెచ్చని నీరు పోయండి. రెండింటిలోనూ ఒక్కొక్క చెంచా ఈస్టు వేయండి. ఒకదానిలో మాత్రం రెండు చెంచాల చక్కెర కలపండి. రెండింటి మూతులకూ బెలూన్లు తొడగండి. గంట తరువాత చూడండి.

ఆలోచించి చెప్పండి

1. ఏ సీసా మీది బెలూను ఉబ్బింది? ఎందుకు?
2. ఎ.టి.పి.ని చిల్లర నాణెంతో ఎందుకు పోల్చారు?
3. నీలిరంగు ఆలస్యంగా వచ్చినప్పుడు సుబ్బారావుగారు, ఫిస్కేగారు ఏం చేశారు? దాని వల్ల ఏం తెలిసింది?
4. మేపుల్ చెట్టుకు ఆకులు లేని కాలంలో తీయని నీరు ఎలా వస్తుంది?
5. మీ అమ్మమ్మ లేదా నానమ్మ వద్ద ఇడ్లీ పిండి పులిసే తీరు అడిగి తెలుసుకొని, పది వాక్యాలు తెలుగులో వ్రాయండి.